నాలుగు గళ్ల కథ
(బొమ్మలు వేసే తమ్ముళ్ల కోసం ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు మేం ముగ్గురం కొంచెం తటపటాయించాం. ఈ పుస్తకంలో డాక్టర్లయినవాళ్లు, గ్రూప్స్ కొట్టినవాళ్లు, టీచర్లు రాస్తుంటారు. మేం బోర్డు ఆర్టిస్టులం. ఈ హాస్టల్లోనే ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకొని పదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత బ్రష్షు పట్టినవాళ్లం. ఉద్యోగాల గురించి చెప్పటానికి మా దగ్గర ఏమీ లేదు. బొమ్మల కథ, అంటే కామిక్, చేత్తో ఎట్లా వేయాలో మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాం. అది మీకు ఇప్పుడే తెలిస్తే బాగుంటుందని ఈ నాలుగు పేజీలు.

ముందు మా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. లేకపోతే పాఠం అర్థం కాదు. 1990ల్లో మేం పని మొదలుపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రోడ్డు పక్కన ఖాళీ గోడ కనపడితే అది మా అన్నమే. షాపు బోర్డులు, లారీల వెనక పేర్లు, ఎన్నికలప్పుడు పార్టీ గుర్తులు. అన్నిటికంటే ఎక్కువగా పురుగు మందుల ప్రకటనలు. పత్తి, మిరప పండే నల్లరేగడి ఊళ్లలో ఎనామిల్ పెయింటుతో గోడ నిండా మందు పేరు రాసి, పక్కన విచ్చిన పత్తికాయ బొమ్మ వేసేవాళ్లం. అడుగుల లెక్కన డబ్బులు. తర్వాత 2000 దాటాక ఫ్లెక్సీ వచ్చింది. మేం రెండు రోజులు వేసే బోర్డు గంటలో మిషన్లో నుంచి బయటికొచ్చేది. ముగ్గురిలో ఒకడు ఫ్లెక్సీ షాపులోనే చేరాడు, ఒకడు ఇళ్లకు సున్నాలు వేశాడు, ఇంకొకడు కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు లెక్క రాశాడు.

పని పోయినందుకు బాధపడ్డాం, నిజమే. కానీ దానికంటే లోపలి మాట ఒకటుంది. పదేళ్లు వేసిన బొమ్మల్లో మాది అని చెప్పుకోటానికి ఒక్కటీ లేదు. 1987-88లో తెల్లదోమ పడి మన రెండు జిల్లాల పత్తి సర్వనాశనమైనప్పుడు, అప్పుల పాలైన రైతులు ఆ పురుగు మందే తాగి చనిపోయారు. అప్పటికి మేం పిల్లలం, ఆ శవాలను చూసినవాళ్లం. పెద్దయ్యాక అవే ఊళ్ల గోడల మీద మందుల పేర్లు ఆరడుగుల అక్షరాలతో రాశాం. అక్షరం వంపు కుదిరిందా లేదా అని చూసుకున్నామే తప్ప, ఏం రాస్తున్నామని ఒక్కరోజూ అనుకోలేదు.

ఒకసారి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు రెండు రోజులు కామిక్ శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం భోజనం ఉందంటే వెళ్లాం. దాచుకోవటం ఎందుకు!

ఇక పాఠంలోకి వద్దాం.

కామిక్ అంటే ఇంగ్లీషు వాళ్ల వస్తువు అని చాలామంది అనుకుంటారు. మన అమరావతి స్తూపం మీద సుమారు క్రీ.శ. రెండో శతాబ్దంలో చెక్కిన ఒక గుండ్రటి సున్నపురాయి పలక ఉంది. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. బుద్ధుణ్ణి చంపించటానికి దేవదత్తుడు రాజగృహం వీధుల్లోకి వదిలిన నాలాగిరి అనే మదపుటేనుగు కథ అందులో ఉంది. పలకకు ఎడమవైపు ఏనుగు జనాన్ని తొక్కుతూ, తొండంతో విసురుతూ వస్తుంది. పైన మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు భయంగా చూస్తుంటారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే వృత్తంలో ఒకే ఏనుగు రెండుసార్లు! మధ్యలో గీత లేదు, 'కాసేపటి తర్వాత' అనే మాట లేదు. అయినా చూసేవాడికి ముందేది, వెనకేది తెలిసిపోతుంది. కామిక్ పని మొత్తం ఇంతే: కాలాన్ని పక్కపక్కన పరచి చూపించటం. తమ్ముళ్లూ, పుస్తకంలో ఆ పలక ఫోటో దొరికితే ఏనుగు కంటే ముందు ఆ కిటికీల్లో మనుషుల్ని చూడండి. భయం ఏనుగులో లేదు, చూసేవాళ్ల మొహాల్లో ఉంది. ఈ మాట తర్వాత పనికొస్తుంది.

తెలుగులో గళ్ల కథలకు పెద్ద దిక్కు బుజ్జాయి గారు. అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి, కవి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి. 1931లో పిఠాపురంలో పుట్టారు. తండ్రి వెంట తిరుగుతూ పెరిగారు గాని మనలాగా బడిలో వరసగా చదువుకున్నవారు కాదు. ఆంధ్రపత్రిక వారపత్రికలో ఆయన వేసిన 'డుంబు' అనే అల్లరి పిల్లవాడి కథలు ఒక తరం పిల్లలు ఎదురుచూసి చదివారు. 1960లలో ఆయన పంచతంత్రం కథల్ని గళ్లలో వేస్తే ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ అనే ఇంగ్లీషు పత్రిక ధారావాహికగా వేసింది. 2023 జనవరిలో చెన్నైలో కన్నుమూశారు. ఆయన జంతువుల్ని చూసి మేం నేర్చుకున్నదేమిటంటే, గీత తక్కువైతే బొమ్మ త్వరగా కదులుతుంది. గోడ మీద బొమ్మ నిలబడాలి, అందుకే నీడలు, మెరుపులు దట్టిస్తాం. గడిలో బొమ్మ నడవాలి. అలవాటైన చేతికి ఈ తేడా వంటబట్టటానికి మాకు ఆరు నెలలు పట్టింది.

అయితే మా కళ్లు తెరిపించిన మనిషి జపాన్ ఆయన. పేరు కెయిజీ నకజావా, 1939లో హిరోషిమాలో పుట్టారు. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు ఆయనకు ఆరేళ్లు. బడి గోడ అడ్డం పడబట్టి బతికారు. కూలి మంటల్లో చిక్కిన ఇంటి కింద తండ్రి, అక్క, తమ్ముడు పోయారు. నిండు గర్భిణి అయిన తల్లికి ఆ రోజే ఆడపిల్ల పుట్టి, కొన్ని నెలలకే చనిపోయింది. ఆ తండ్రి కూడా చిత్రకారుడే. నకజావా కుర్రతనంలో ఒసాము తెజూకా కామిక్ ఒకటి చదివి బొమ్మల పిచ్చిలో పడ్డారు. బడి అయిపోయాక పొట్టకూటికి ఏం చేశారో తెలుసా? సైన్ బోర్డులు రాశారు. మేం ఈ సంగతి చదివిన రోజు ఆ పేజీని ముగ్గురం వంతులేసుకొని మళ్లీ మళ్లీ చదివాం.

1961లో టోక్యో వెళ్లి కామిక్ ఆర్టిస్టు అయ్యారు. కానీ బాంబు గురించి ఒక్క గీత గీయలేదు. హిరోషిమా వాళ్లంటే అక్కడి జనం దూరం జరిగేవారు, అంటురోగం వాళ్లను చూసినట్టు చూసేవారు. అందుకని ఊరి పేరే దాచుకున్నారు. ఎక్కడి వాడివని అడిగితే మాట మార్చటం మన హాస్టల్ పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నకజావా ఇట్లా అయిదేళ్లు ఎవరివో సాహస కథలు వేసుకుంటూ గడిపారు. 1966లో తల్లి చనిపోయింది. దహనం తర్వాత ఎముకలు ఏరుకోవటం వాళ్ల ఆచారం. ఏరబోతే ఎముకలు లేవు, తెల్లటి పొడి తప్ప. రేడియేషన్ తన తల్లి ఎముకల్ని కూడా మిగల్చలేదని ఆయనకు అనిపించింది. ఆ కోపంలో నుంచి బాంబు మీద మొదటి కామిక్ వచ్చింది, 1968లో అచ్చయింది. 1972లో 'నేను చూశాను' అని తన సొంత కథ వేశారు. 1973 నుంచి 'వట్టికాళ్ల గెన్' అనే పెద్ద కథ మొదలుపెట్టారు. గెన్ అంటే ఆ ఆరేళ్ల పిల్లవాడు తనే. అది ప్రపంచంలో ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 2012లో చనిపోయేదాకా ఆయన పేరు ఆ పుస్తకంతోనే ముడిపడి ఉంది.

మా అమ్మలు మిరప కల్లాల్లో పనిచేశారు. మేం ఆ మాట ఎక్కడా చెప్పేవాళ్లం కాదు.

ఇప్పుడు పద్ధతి. శిక్షణలో నేర్పినది ఫిన్లాండ్‌కు చెందిన లీఫ్ పకాలెన్, మన దేశంలో వరల్డ్ కామిక్స్ ఇండియా శరద్ శర్మ కలిసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. వాళ్ల పుస్తకం 2007లో వచ్చింది. ఆర్టిస్టులు కానివాళ్లు సైతం తమ కథ తామే వేసుకొని, జిరాక్స్ తీయించి, ఊళ్లో గోడలకు అంటించాలన్నది దాని ఉద్దేశం. రెండు ఏ-ఫోర్ కాగితాలు చాలు. ఒక్కో కాగితం మీద రెండేసి గళ్లు, రెండూ అతికిస్తే నాలుగు గళ్ల పోస్టరు. మొదటి గడిలో మనిషి, చోటు తెలియాలి. రెండో గడిలో చిక్కు రావాలి. మూడో గడిలో అది ముదరాలి లేదా మలుపు తిరగాలి. నాలుగో గడిలో ఏమైందో తెలియాలి. నాలుగే ఎందుకు, ఎనిమిది వేసుకోకూడదా అని అడుగుతారు. వేసుకోవచ్చు. కానీ బస్సు కోసం నిలబడ్డ మనిషి నాలుగు గళ్లు చదువుతాడు, ఎనిమిది చదవడు.

కథ ముందు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే పెన్సిల్ ముట్టుకోవద్దు. ఆ తర్వాత వేలెడంత గళ్లలో గీతల మనుషులతో నాలుగైదు రకాలుగా వేసి చూసుకోవాలి. మేం ఈ పని చేయకుండా నేరుగా పెద్ద కాగితం మీదికి పోయి చాలా కాగితాలు పాడుచేశాం.

అక్షరాల దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగుతాం, ఇది మా సొంత విద్య గనక. ఇంగ్లీషు కామిక్ చూసి బుడగ వేసి అందులో తెలుగు రాయబోతే పట్టదు. ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంటాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. 'రాష్ట్రం', 'స్త్రీ' రాసి చూడండి, కింది వరస మీదికి దిగిపోతాయి. కాబట్టి అక్షరం ఎత్తు ఎంతో, వరసకీ వరసకీ మధ్య దాదాపు అంత జాగా వదలాలి. ముందు మాట రాయండి, తర్వాత దాని చుట్టూ బుడగ గీయండి. ఎప్పుడూ తిరగేసి చేయొద్దు. ముందు మాట్లాడేవాడి బుడగ ఎడమవైపు పైన ఉండాలి, జవాబు కుడివైపు కొంచెం కిందగా రావాలి. ఒక్కో బుడగలో పది మాటలు మించితే కత్తిరించండి. గోడ మీద అంటించేదానికి అక్షరం కనీసం అరసెంటీమీటరు ఎత్తన్నా లేకపోతే పెద్దవాళ్లు చదవలేరు. చేతిరాత బాగోలేదని జంకవద్దు. బాపు గారి చేతిరాత ఎంత జనానికి నచ్చిందంటే అది కంప్యూటరులో ఫాంటు అయింది. అది మొదట ఒక మనిషి చేతిరాతే కదా!

సామాను గురించి: నల్ల జెల్ పెన్ను, లేదా పాళీ కలం, నల్ల ఇంకు. నీలం బాల్ పెన్ను వద్దు, జిరాక్స్‌లో వెలిసిపోతుంది. లేత నీలం పెన్సిల్‌తో ముందు గీతలు వేసుకుంటే చెరపకపోయినా జిరాక్స్‌లో చాలావరకు పడవు. అంచుల్లో వేలెడు జాగా వదలండి, మిషన్ అంచుల్ని తినేస్తుంది. నలుపు బాగా దట్టంగా పెద్ద జాగాలో పూయొద్దు, అక్కడ మచ్చలొస్తాయి.

గళ్లు తప్పనిసరా? కాదు. ఇది మేం 'భీమాయన' పుస్తకం చూశాక ఒప్పుకున్నాం. 2011లో నవయాన ప్రచురణ సంస్థ తెచ్చింది. కథ శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ రాశారు. బొమ్మలు మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు వేశారు. అంబేద్కర్ గారి జీవితంలో అంటరానితనం ఎదురైన ఘట్టాలు అందులో ఉంటాయి. 1901లో చిన్న భీమ్ తండ్రిని చూడటానికి అన్నతో రైలు దిగి, కులం తెలిశాక బండివాళ్లు రాకపోతే రెట్టింపు డబ్బిచ్చి తామే బండి తోలుకుంటూ పోవటం, దారంతా గుక్కెడు నీళ్లు దొరక్కపోవటం మనందరికీ తెలిసిన కథే. ఆ దంపతులు తమ మనుషుల్ని పెట్టెల్లో కుక్కబోమని, వాళ్లకు గాలి ఆడాలని పట్టుబట్టారు. గళ్లకు బదులు తమ ఇళ్ల గోడల మీద వేసుకునే దిగ్నా ముగ్గుతో పేజీల్ని విడదీశారు. మెత్తగా మాట్లాడేవాళ్ల బుడగ పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం పేరుతో కుట్టేవాళ్ల మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. చదువు రానివాడు కూడా ఆ బుడగ చూడగానే ఎవరి మాటలో విషం ఉందో చెప్పేస్తాడు. మాలో ఒకడు ఇప్పటికీ గళ్లు వద్దంటాడు, ఇద్దరం కావాలంటాం. మీరు ముందు గళ్లతో మొదలుపెట్టండి. తర్వాత మీ ఇష్టం.

మా మొదటి పోస్టరు పురుగు మందు కొట్టేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద వేశాం. గాలికి ఎదురు కొట్టొద్దు, మూతికి గుడ్డ కట్టుకో, బీడీ తాగొద్దు. అన్నీ మంచి మాటలే. నాలుగు గళ్లలో పదకొండు బుడగలు. టీ కొట్టు దగ్గర అంటించి పక్కన నిలబడ్డాం. "అక్షరాలు భలే ఉన్నయ్ గదరా, ఏ మందు కంపెనీది?" అన్నాడు ఒక పెద్దాయన. మేం మళ్లీ ప్రకటనే వేశాం! మనిషి లేడు అందులో, హెచ్చరిక ఒక్కటే ఉంది. అమరావతి కిటికీలు అప్పుడు గుర్తొచ్చాయి.

రెండోదానికి కొత్త విషయం కోసం వెతకలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన వైపు మిరప కోతలు, కల్లాల్లో తాలు కాయలు ఏరటం, తొడిమలు తీయటం. మన ఊళ్ల ఆడవాళ్లే కాక కర్నూలు పడమటి వైపు నుంచి సుగ్గికి వచ్చిన కుటుంబాలు గుడిసెలు వేసుకొని ఉంటాయి. రోజంతా కాయలు పట్టుకున్న చేతులు రాత్రికి మండుతాయి. నీళ్లతో ఎంత కడిగినా పోదు. కారంలో ఉండే కాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని ముందు నూనె రుద్ది, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడిగితే కొంత పోతుంది. సైన్సు పుస్తకంలో చదువుకున్న మనకు కూడా తట్టని సంగతి ఇది. మా అమ్మలకైతే చెప్పినవాళ్లే లేరు.

కథ ఒక్క వాక్యంలో: కల్లం నుంచి వచ్చిన తల్లి చేతుల మంటతో పిల్లవాణ్ణి ఎత్తుకోలేకపోయింది. మొదటి గడిలో ఎర్రటి రాశి పక్కన తల్లి. రెండో గడిలో బిందె దగ్గర ఎంత కడిగినా ఆమె మొహంలో మంట. మూడో గడిలో పిల్లవాడు చేతులు చాస్తే, తల్లి చేతులు వెనక్కి పెట్టుకొని దూరంగా నిలబడటం. నాలుగో గడిలో పక్కింటి అవ్వ నూనె గిన్నె తేవటం. మొత్తం బుడగలు మూడు. మూడో గడిలో ఒక్క మాటా లేదు.

ఇరవై జిరాక్సులు తీసి కల్లాల దగ్గర చెట్లకు, గుడిసెల తడికెలకు కట్టాం. చదువు రాని ఆడవాళ్లు పనాపి చుట్టూ చేరారు. ఒకామె వేలు పెట్టి గడి తర్వాత గడి చూపిస్తూ మిగతావాళ్లకు తనే కథ చెప్పింది. మేం రాయని మాటలు కూడా కలిపి చెప్పింది. మూడో గడి దగ్గర ఆగి మా వైపు తిరిగింది.

"ఇది తప్పు నాయనా."

ఏం తప్పమ్మా అని అడిగాం.

"పిల్లోడు ఏడుస్తంటే దూరంగా నిలబడతామా? ఇట్టా ఎత్తుకుంటాం" అని, అరచేతులు రెండూ బయటికి తిప్పి, మోచేతుల మధ్య తన బిడ్డను ఇరికించుకొని ఎత్తి చూపించింది. వేళ్లు ఎక్కడా పిల్లవాడికి తగల్లేదు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు తలలూపారు, మేమూ అంతే అన్నట్టు. మాలో ఒకడు తల వంచుకున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా అట్లాగే ఎత్తుకునేదంట, అప్పటిదాకా గుర్తు లేదు.

ఆ రాత్రే మూడో గడి మళ్లీ వేశాం. పాత ఇరవైకీ కొత్త గడి అతికించటానికి అన్నం మెతుకులు సరిపోయాయి.